ఇంగ్లండ్‌లో చర్చ్ ప్రైమరీ స్కూలు: చదువు ఎలా ఉంటుంది, పిల్లల్ని ఎలా చూసుకుంటారు

బడి బోర్డు మీద "చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రైమరీ" అని కనిపించగానే ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఫీజు ఎంత? పిల్లల మీద మతం రుద్దుతారా? ఫీజు లేదు. ఇవి ప్రభుత్వ నిధులతో నడిచే బడులు, దేశంలోని ప్రైమరీ బడుల్లో దాదాపు నాలుగో వంతు ఇవే. రెండో ప్రశ్నకి జవాబు కాస్త వివరంగా చెప్పాలి, దాని దగ్గరికి వస్తాం. ముందు మా అభిప్రాయం: చిన్నపిల్లల్ని కనిపెట్టుకుని చూడటంలో ఈ బడులు చాలా మంచివి. రిసెప్షన్ (ఇయర్ వన్ కన్నా ముందు, బడిలో మొదటి ఏడాది) నుంచి ఇయర్ టూ దాకా చదవడం నేర్పే పద్ధతి కూడా గట్టిది. ఆ పైన మాత్రం బడికీ బడికీ చాలా తేడా ఉంటుంది.

నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబరులో పిల్లలు రిసెప్షన్‌లో చేరతారు. మొదటి వారాల్లోనే ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుని చదివే పద్ధతి, మొదలవుతుంది. ఏబీసీడీలు వరసగా రావు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అక్షరాలు ముందు వస్తాయి, అదీ పేర్లతో కాదు, శబ్దాలతో. మన ఇళ్ళలో పొరపాటు జరిగేది ఇక్కడే. బిడ్డకి "ప, ఇ, న" అని అచ్చు కలిపి పలికిస్తే, వాటిని కలుపుకునేసరికి "పఇన" అవుతుంది, మాట దొరకదు. "ప్, ఇ, న్" అని పొల్లుతో పలికిస్తే "పిన్" తనంతట తానే వస్తుంది. పొల్లు మన లిపిలోనే ఉంది కాబట్టి తెలుగు చదవడం వచ్చిన తల్లిదండ్రులకి ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది.

బడి మంచిదో కాదో తేల్చుకోవడానికి రిజల్ట్స్ పట్టికకన్నా బుక్ బ్యాగ్‌లో ఇంటికి వచ్చే పుస్తకం మేలు. నేర్పిన శబ్దాలతో ఉన్న మాటలే అందులో ఉండాలి. బిడ్డ దాదాపు తడుముకోకుండా చదవగలగాలి. "మరీ తేలిక పుస్తకం ఇస్తున్నారు" అని చాలామంది ఫిర్యాదు చేస్తారు కానీ, అలా ఇవ్వడమే సరైన పద్ధతి. బొమ్మ చూసి ఊహించి చదవాల్సిన పుస్తకం వారం వారం వస్తుంటే మాత్రం టీచర్‌ని అడగండి. ఇయర్ వన్ జూన్‌లో జరిగే ఫోనిక్స్ చెక్‌లో 40 మాటలుంటాయి. అందులో 20 అర్థం లేని మాటలు, పక్కన ఏలియన్ బొమ్మతో. పాస్ మార్కు సాధారణంగా 32. మాటల ఆకారాన్ని బట్టీ పట్టిన పిల్లలు "స్ట్రోమ్" అని ఉన్నచోట "స్టార్మ్" అని చదివి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇయర్ టూ దాకా ఒక టీచర్‌కి 30 మందికి మించకూడదని చట్టం. ఇయర్ త్రీ నుంచి ఆ పరిమితి లేదు, 32, 33 మంది ఉన్న క్లాసులుంటాయి. టీచింగ్ అసిస్టెంట్ కూడా చాలా చోట్ల ఉదయం పూటకే పరిమితం. మధ్యస్థంగా చదివే పిల్లలు వెనకపడితే ఎవరూ గమనించకపోయే దశ ఇదే. ఇయర్ ఫోర్‌లో ఎక్కాల పరీక్ష ఉంటుంది: 12 ఎక్కం వరకు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. మన పిల్లలకి నోటికి ఎక్కాలు వచ్చినా కీబోర్డు మీద అంకెలు టైప్ చేయడంలో సెకన్లు పోతాయి, అది ఇంట్లో సాధన చేయించాలి.

ఇక పిల్లల్ని చూసుకోవడం. సాయంత్రం బిడ్డని పేరు నమోదైన మనిషికే అప్పగిస్తారు. అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి వచ్చినా ఆఫీసుకి ముందు చెప్పాల్సిందే. తలకి చిన్న దెబ్బ తగిలినా చీటీ ఇంటికొస్తుంది, తరచు ఫోను కూడా వస్తుంది. వాంతులైతే చివరి వాంతి తర్వాత 48 గంటలు బడికి పంపకూడదు. గొడవపడ్డ పిల్లల్ని కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎవరు బాధపడ్డారు, ఎలా సరిచేద్దాం అని అడగడం మంచి చర్చ్ బడుల్లో రోజూ జరిగే పని. క్షమించడం గురించి అసెంబ్లీలో చెప్పింది ఆటస్థలంలో కనిపిస్తుందన్నమాట. ఇంగ్లీషు రాని పిల్లలు కొన్ని వారాలు నోరు విప్పకపోయినా అనుభవమున్న టీచర్లు కంగారు పడరు. దయచేసి ఆ భయంతో ఇంట్లో తెలుగు మానేయకండి.

భోజనం రిసెప్షన్ నుంచి ఇయర్ టూ వరకు అందరికీ ఉచితం. ఇక్కడో చిక్కుంది. చాలా ఫారాల్లో శాకాహారం, హలాల్ అని గడులుంటాయి కానీ "గొడ్డు మాంసం వద్దు" అనే గడి ఉండదు. కోడికూర తినే పిల్లలకి శాకాహారమని టిక్కు పెడితే చికెన్ కూడా రాదు, ఏ టిక్కూ పెట్టకపోతే బోలోనీజ్‌లో (మాంసం సాస్ కలిపిన పాస్తా) బీఫ్ వస్తుంది. అలర్జీల గడిలో స్పష్టంగా రాసి, కిచెన్‌కి చెప్పమని ఆఫీసులో అడగండి.

మతం విషయానికొస్తే, రోజూ సామూహిక ప్రార్థన ఉంటుంది. క్రిస్మస్‌కి నేటివిటీ (యేసు పుట్టుక) నాటకం, హార్వెస్ట్ అనే పంటల పండగకి చర్చికి నడిచి వెళ్ళడం మామూలే. పిల్లల్ని బలవంతపెట్టరు. తల్లిదండ్రులు అడిగితే బిడ్డని ప్రార్థన నుంచి మినహాయించే హక్కు చట్టంలో ఉంది. రామాయణం, దీపావళి కూడా పాఠాల్లో సాధారణంగా వస్తాయి. బడుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్ తనిఖీ కాక, చర్చ్ తరఫున సయామ్స్ అనే తనిఖీ విడిగా జరుగుతుంది. పిల్లల పట్ల బడి మనసు ఎలాంటిదో ఆ రిపోర్టులోనే ఎక్కువ తెలుస్తుంది.

సీటు దగ్గర మాత్రం మాకు అసంతృప్తి ఉంది. వాలంటరీ కంట్రోల్డ్ బడి అయితే సీట్ల నియమాలు కౌన్సిల్‌వి (అంటే స్థానిక ప్రభుత్వానివి). వాలంటరీ ఎయిడెడ్ అయితే బడి గవర్నర్లవి (బడి పాలక మండలివి), వాటిలో కొన్ని చర్చికి వచ్చే కుటుంబాలకి ముందు సీటిస్తాయి. పక్కింట్లో ఉన్న బిడ్డకి సీటు రాకపోవడం న్యాయం కాదు. కౌన్సిల్ దరఖాస్తుకి గడువు జనవరి 15, ఫలితం ఏప్రిల్ 16న. ఎయిడెడ్ బడి అదనపు ఫారం అడిగితే అది నేరుగా బడికి చేర్చాలి, మర్చిపోతే మీ దరఖాస్తు వరసలో కిందికి పోతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి టీచర్లు ప్రేమగానే ఉంటారు కానీ సాయం నెమ్మది. బిడ్డకి ఏ సాయం అందాలో రాసి కౌన్సిల్ ఇచ్చే ప్రణాళిక, ఈహెచ్‌సీపీకి చట్టప్రకారం గడువు 20 వారాలు, అది తప్పడం మామూలైపోయింది. అనుమానం వచ్చిన రోజే టీచర్‌కి ఈమెయిల్ రాసి ఉంచుకోండి.

సెలవుల విషయంలో ఏ బడీ మెత్తబడదు. సంక్రాంతి నాటికి క్రిస్మస్ సెలవులు అయిపోతాయి. అనుమతి లేకుండా ఐదు రోజులు బడి మానితే ఒక్కో బిడ్డకి, ఒక్కో తల్లి లేదా తండ్రికి 80 పౌండ్ల జరిమానా, 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలకి ఇద్దరు పెద్దలు కడితే 320. దీపావళి రోజుకి మాత్రం పండగని ముందే లేఖ రాస్తే ఆ ఒక్కరోజుకి సెలవు ఇస్తారు.