క్యూబా సంగీత చరిత్ర: కార్పెంతియర్ మేలా, ఓర్తిస్ మేలా?

క్యూబా పాటలు చెవిన పడి, వీటి పుట్టుకేమిటో చూద్దామనుకున్నవాళ్లకు మొదట తగిలేది ఇద్దరు. నవలాకారుడు అలెహో కార్పెంతియర్, లాయరు చదువు చదివిన ఫెర్నాండో ఓర్తిస్. ముందు ఎవరిని చదవాలి?

హాయిగా చదివించేది కార్పెంతియరే. 1946లో మెక్సికోలో అచ్చయిన ఆయన ‘క్యూబాలో సంగీతం’ ఒకే సంపుటం. వలస పాలన కాలం నుంచి తన రోజుల దాకా కథలా నడిపిస్తారు. అందుకోసం చర్చిల్లో పాత కాగితాలు తిరగేశారు. 18వ శతాబ్దంలో శాంతియాగో కేథడ్రల్‌లో సంగీతం నడిపిన ఎస్తెబాన్ సాలాస్ రాతప్రతులు మరుగున పడి ఉంటే వెలికితీసి లోకానికి చూపించారు. ఆ ఒక్క పనికే ఆయనకు దండం పెట్టొచ్చు.

అయితే పాత కాగితాల మీద చెప్పిన ప్రతి మాటా నిలవలేదు. ‘మా తెయోదోరా’ పాట 16వ శతాబ్దానిదని ఆయన నమ్మారు. 1971లో పరిశోధకుడు అల్బెర్తో ముగెర్సియా ఆధారాలు వెతికి చూస్తే ఆ కథకు పునాదే కనిపించలేదు.

ఓర్తిస్ దగ్గర లోపం ఇంకా పెద్దది, మొదట్లోనే ఉంది. 1906 నాటి పుస్తకంలో నల్లవారి పూజలను నేరాల లెక్కలో చూశారు. చదువుతుంటే బాధేస్తుంది. కానీ అదే మనిషి తర్వాత మారారు, డోలు వాయించేవాళ్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నారు. 1930ల్లో హవానాలో తన ఉపన్యాసం కోసం బటా డోళ్లను వేదిక ఎక్కించారు. అప్పటిదాకా అవి పూజల్లో మోగేవి. 1952 నుంచి 1955 వరకు ఒక్క వాయిద్యాల మీదే ఐదు సంపుటాలు తెచ్చారు. స్వరాలు రాయడానికి సంగీతం తెలిసిన గాస్పర్ అగ్వేరో సాయం తీసుకున్నారు.

బటా అంటే మూడు డోళ్లు. పెద్దది ఇయా, పశ్చిమ ఆఫ్రికా వాళ్ల యొరూబా భాషలో ‘తల్లి’ అని అర్థం. నడిమిది ఇతోతెలే, చిన్నది ఒకోంకోలో. తల్లి పిలిస్తే నడిమిది బదులిస్తుంది, చిన్నది నడక తప్పనివ్వదు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులా వాయిస్తారు. మృదంగం వాయించేవాళ్లకు ఆ కూర్చునే తీరు కొత్తగా అనిపించదు. ఇలాంటి సంగతులు చర్చి బీరువాల్లో దొరకవు, వాయించే మనిషే చెప్పాలి. అందుకే నా ఓటు ఓర్తిస్‌కే.

ఓపిక మాత్రం కావాలి. ఐదు సంపుటాలూ స్పానిష్‌లో, దారి మళ్లుతూ మళ్లుతూ సాగుతాయి. ఇంగ్లీషులో చదివేవాళ్లకు రాబిన్ మూర్ 2018లో తెచ్చిన ఓర్తిస్ ఎంపిక వ్యాసాలున్నాయి. కార్పెంతియర్ పుస్తకం కూడా ఇంగ్లీషులో దొరుకుతుంది.

వీళ్లిద్దరి మాటలను సరిచూసుకోవాలంటే క్యూబా సంగీత పరిశోధకులు అర్హెలియర్స్ లియోన్, మరియా తెరెసా లినారెస్ రచనలున్నాయి. 1978లో హవానాలో పెట్టిన సంగీత పరిశోధన కేంద్రం, ఏ వాయిద్యం ఏ ఊళ్లో మోగుతుందో చూపే అట్లాస్ కూడా వేసింది.

టైం తక్కువుంటే మూర్ పుస్తకం తెచ్చుకుని, పక్కన ఒక బటా రికార్డింగు పెట్టుకుని మొదలుపెట్టండి.