తునికి పండు పేరుతో విషపు ముష్టి కాయ ఫొటో: అడవి కార్డుల సెట్టు కొనేవాళ్లు జాగ్రత్త

పిల్లల కోసం ఆన్‌లైన్‌లో అడవి చెట్లు, జంతువుల కార్డులు కొనాలనుకునేవాళ్లు, ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నేను అచ్చంపేట దగ్గర ఒక సర్కారు బడిలో టీచర్‌ని. పిల్లల్ని నల్లమల అడవిలోని మన్ననూరు తీసుకెళ్లే ముందు చెట్లు, పిట్టలు గుర్తుపట్టడం నేర్పిద్దామని, ఫోన్‌లో యాడ్ చూసి 1,150 రూపాయలు పెట్టి ఒక సెట్టు తెప్పించాను. పచ్చ పెట్టె, మీద చిరుత బొమ్మ, 'నల్లమల అడవి' అని పెద్ద అక్షరాలు. లోపల 72 కార్డులు, ఒక గోడ చార్టు. అచ్చు చాలా బాగుంది. అందుకే నేను కూడా మొదట మోసపోయాను.

మొదటి కార్డులోనే తేడా కనిపించింది. ఆకురాల్చే అడవిలో చలికాలానికి ముందు ఆకులు ఎర్రబడి రాలతాయనీ, చెట్లు మంచులో విశ్రాంతి తీసుకుంటాయనీ రాశారు. అది యూరప్ అడవుల సంగతి. మన చెట్లు ఆకు రాల్చేది మంచుకు కాదు, నీళ్లు చాలక. సంక్రాంతి దాటాక మొదలై ఎండలు ముదిరేసరికి టేకు, తిరుమాను మోడుగా నిలబడతాయి. ఆకు లేని కొమ్మల మీదే మోదుగ పూస్తుంది. ఎక్కడిదో పుస్తకం తెలుగులోకి మార్చి, పైన నల్లమల పేరు పెట్టారని అప్పుడే అనుమానం వచ్చింది. ఓక్ చెట్టు ఫొటో కింద 'మద్ది' అని చూశాక ఆ అనుమానం నిజమేనని తేలిపోయింది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, వాగు పక్కన పెరిగే తెల్లమద్ది బెరడు నున్నగా, తెల్లగా ఉంటుంది. ఒక్కసారి చేత్తో తడిమినవాళ్లు ఈ రెండింటినీ మరిచిపోరు.

పాలపిట్ట కార్డు మీద లకుముకి పిట్ట ఉంది. రెండింటిలోనూ నీలం ఉంటుంది, నిజమే. కానీ లకుముకికి పొడుగాటి ఎర్ర ముక్కు, గోధుమరంగు తల, తెల్లటి గొంతు. పాలపిట్ట ముక్కు నల్లగా ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్కల్లో రెండు రకాల నీలాలు మెరుస్తాయి. దసరా నాడు పాలపిట్టను చూడటానికి పెద్దవాళ్ల వెంట ఊరు దాటి వెళ్లే పిల్లలు మా వాళ్లు. మన తెలంగాణ రాష్ట్ర పక్షినే తప్పుగా చూపించినందుకు చాలా బాధేసింది.

అయితే ఇవన్నీ చిన్న తప్పులే. నాకు టెన్షన్ పట్టుకున్నది వేరే కార్డుతో. బీడీలు చుట్టే తునికి ఆకు కోయడానికి వెళ్లే ఒక నాన్న, బిడ్డను తీసుకెళ్లడానికి బడికి వచ్చాడు. బల్ల మీద కార్డు చూసి ఆగిపోయాడు. "సారూ, ఇది తునికి పండు కాదు, ముష్టి కాయ. పోరగాండ్లు దీన్ని జూసి తింటే ఎట్ల?" అన్నాడు. కార్డు మీద 'తునికి పండు, తియ్యగా ఉంటుంది, పిల్లలకు ఇష్టం' అని ఉంది. ముష్టి గింజలో ఉండే స్ట్రిక్నిన్ ప్రాణం తీసే విషం. తునికి పండు తొడిమ దగ్గర గట్టి ముచ్చిక గిన్నెలా అంటుకొని ఉంటుంది, ఆకు మందంగా, తోలులా ఉంటుంది. ముష్టి కాయ నున్నగా, నారింజ రంగులో గుండ్రంగా ఉంటుంది, ముచ్చిక అలా కనిపించదు. దాని ఆకు మెరుస్తుంది, ఆకు అడుగు నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు సాగుతాయి. పగలగొడితే లోపల చొక్కా గుండీల్లాంటి చదును గింజలు. ఇదంతా ఆయనే బయట నేల మీద కూర్చొని పిల్లలకు విడమరిచి చెప్పాడు. నేను కూడా వాళ్లతో కూర్చొని విన్నాను.

ఆ రాత్రి మిగతా కార్డులన్నీ కూర్చొని చూశాను. రక్తపింజర ఫొటో కింద 'కొండచిలువ పిల్ల, విషం లేదు' అని ఉంది. రక్తపింజర వీపు మీద గొలుసులా మూడు వరుసల గుండ్రటి మచ్చలు ఉంటాయి, కదిలిస్తే ప్రెషర్ కుక్కర్‌లా బుసకొడుతుంది. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా, పెద్దగా ఉంటాయి. చేను గట్ల మీద తిరిగే పిల్లలకు ఈ కార్డు ఇస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సీలు తీశారు కాబట్టి రిటర్న్ కుదరదన్నారు. ఫొటోలు పంపాను, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. డబ్బులు ఇంకా రాలేదు. మీరు ఏది కొన్నా పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు.

కొనేముందు తునికి, మద్ది, పాలపిట్ట, రక్తపింజర కార్డుల ఫొటోలు పంపమని అడగండి. పంపకపోతే వదిలేయండి. కార్డు మీద శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. తునికికి డయోస్పైరాస్ మెలనాక్సిలాన్, ముష్టికి స్ట్రిక్నాస్ నక్స్ వామికా. నేను కొన్న సెట్టులో ఏ కార్డు మీదా అలాంటి పేరు లేదు.

మా ఐదో తరగతి పాప ఒకతి నిన్న కూడా ముష్టి కాయ చూపించి 'తునికి పండు సార్' అంది. ముందు చూసిన బొమ్మే మనసులో ఉండిపోయింది. అదే పచ్చ పెట్టె మీ ఇంట్లో ఉంటే తునికి కార్డు, కొండచిలువ కార్డు ఈ రాత్రికే తీసేయండి. పిల్లలు ఇప్పటికే చూసి ఉంటే, నిజమైన తునికి పండు తెచ్చి, ఆ ముచ్చికను వాళ్ల వేలితో తాకించండి.