సిప్రి డేటాబేస్‌లు: అంకె తీసుకునే ముందు చూడాల్సినవి

సైనిక విశ్లేషణలో మొదలై, యూనివర్సిటీ మీదుగా విధాన రచనకు చేరేవాళ్లకు మూడు చోట్లా పనికొచ్చే సాధనాలు తక్కువ. సిప్రి డేటా వాటిలో ఒకటి. స్టాక్‌హోమ్‌లోని ఈ శాంతి పరిశోధన సంస్థ ఆయుధాల బదిలీల మీద, సైనిక వ్యయం మీద నడిపే రెండు డేటాబేస్‌లూ ఉచితం. మొదటిది 1950 నుంచి ఉంది. రెండోది 1949 నుంచి ఉన్నా, చాలా దేశాలకు అంత వెనక్కి పోదు. ఇంత పొడవైన వరుస పైసా ఖర్చు లేకుండా దొరకడం అరుదు. చిక్కల్లా, ఇందులోని ప్రతి అంకె వెనకా ఒక నిర్వచనం ఉంది. అంకె మూడో బల్ల దగ్గరికి, అంటే మంత్రిత్వ శాఖ నోట్‌లోకి, చేరేసరికి ఆ నిర్వచనం రాలిపోతుంది.

ముందు ఆయుధాల బదిలీలు. ఇక్కడి కొలమానం టీఐవీ (ట్రెండ్ ఇండికేటర్ వాల్యూ). పక్కన 'మిలియన్లు' అని ఉంటుంది కాబట్టి డాలర్లే అనుకుంటారు. కాదు. కొన్ని ఆయుధాలకు తెలిసిన తయారీ ఖర్చును ఆధారం చేసుకుని, మిగతావాటిని వాటితో పోల్చి, ఒక్కో రకానికి ఒక విలువ కడతారు. ఎంతకు కొన్నారు, అప్పు మీద తెచ్చుకున్నారా, ఊరికే వచ్చిందా అన్నది లెక్కలోకి రాదు. ఒక యుద్ధవిమానం టీఐవీ 30 మిలియన్లు అనుకుందాం. కొత్తవి పది వస్తే 300. వాడినవి పది వస్తే 40 శాతం చొప్పున 120. వాడినవాటిని బాగా మార్చి, ఆధునికీకరించి ఇస్తే 66 శాతం చొప్పున 198. ఎంత సైనిక సామర్థ్యం చేతులు మారిందన్న ప్రశ్నకు ఇది మంచి కొలత. దీన్ని జీడీపీతో భాగించడం, రక్షణ బడ్జెట్‌లో ఇంత శాతమని చెప్పడం, ఎగుమతి ఆదాయంగా చూపడం మాత్రం కుదరదు.

భారత్ ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2015–19లో 55, 2020–24లో 36. ఆధారపడటం తగ్గిందని చెప్పడానికి ఈ మూడు అంకెలు చాలు. మన దిగుమతి ఖర్చులో 36 శాతం రష్యాకు పోతోందని రాస్తే తప్పు. అయిదేళ్ల మొత్తాలు వాడటంలోనూ అర్థముంది. ఒక జలాంతర్గామో, రెండు స్క్వాడ్రన్ల విమానాలో ఒకే ఏడు చేతికొస్తే ఆ ఏటి గీత పైకి ఎగిరి, మరుసటి ఏడు కూలుతుంది. ఒంటి సంవత్సరాన్ని పట్టుకుని 'దిగుమతులు రెట్టింపు' అని రాసేవాళ్లు ఈ ఎగుడుదిగుడునే విధానం అనుకుంటున్నారు. లెక్కకెక్కేది ఆయుధం చేరిన ఏడాది. ఒప్పందం కుదిరిన ఏడాదిని మొత్తాల పట్టికలో వెతికితే దొరకదు, దానికి ట్రేడ్ రిజిస్టర్ తెరవాలి.

ఈ రిజిస్టరే మొత్తం సేవలో ఎక్కువ విలువైన భాగం. ఎవరు, ఎవరికి, ఏ ఆయుధం, ఎన్ని, ఎప్పుడు ఆర్డరిచ్చారు, ఏయే సంవత్సరాల్లో చేరాయి అన్నవన్నీ వరసలుగా ఉంటాయి. సంఖ్య బ్రాకెట్లలో ఉంటే అది అంచనా. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చేటప్పుడు మరీ జాగ్రత్త: బ్రాకెట్‌లోని సంఖ్యను ఎక్సెల్ రుణసంఖ్యగా చదివేస్తుంది. ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా దిగుమతి చేసి, బ్రాకెట్ ఉన్నవాటికి పక్కన 'అంచనా' అని గుర్తు పెట్టి, తర్వాత సంఖ్యలుగా మార్చాలి. మొత్తాల పట్టికలో సున్నా ఉంటే ఏమీ రాలేదని కాదు, అర మిలియన్ (5 లక్షల) టీఐవీ కన్నా తక్కువ వచ్చిందని. ఏమీ రాకపోతే గడి ఖాళీగా ఉంటుంది. ఈ రెంటినీ ఒకటి చేస్తే చిన్న దేశాల మీద చేసిన విశ్లేషణ మొత్తం పాడవుతుంది.

ఏవి లెక్కలో లేవో కూడా తెలియాలి. తుపాకులు, ట్రక్కులు, 100 మిల్లీమీటర్ల కన్నా చిన్న ఫిరంగులు, మందుగుండు, మరమ్మతు సేవలు ఇందులోకి రావు. 2020–24లో ఉక్రెయిన్ ప్రపంచంలో అతిపెద్ద దిగుమతిదారు, వాటా 8.8 శాతం. ఆ యుద్ధాన్ని నడిపించిన ఫిరంగి గుండ్లు మాత్రం ఆ 8.8లో లేవు. సైనిక శాస్త్రం చదివినవాళ్లకు ఇది వెంటనే తట్టాలి, తట్టడం లేదు.

సైనిక వ్యయం డేటాబేస్ ఎక్సెల్ ఫైలుగా వస్తుంది. స్థానిక కరెన్సీ, స్థిర డాలర్లు (ఒక ఆధార సంవత్సరం ధరల్లోకి మార్చినవి), ప్రస్తుత డాలర్లు (ఆ ఏటి ధరల్లోనే ఉన్నవి), జీడీపీలో వాటా, తలసరి, ప్రభుత్వ వ్యయంలో వాటా, ఇలా వేర్వేరు షీట్లు. నీలం అంకెలు సిప్రి అంచనాలు, ఎరుపువి బాగా అనిశ్చితమైనవి. ఫైలును సీఎస్‌వీగా, అంటే రంగులూ హంగులూ లేని ఉత్త టెక్స్ట్ పట్టికగా, మార్చిన క్షణంలో ఆ రంగులు పోతాయి. విధాన నోట్‌లో తలవంపులు ఎక్కువగా ఇక్కణ్నుంచే మొదలవుతాయి. డేటా లేనిచోట చుక్కలు, దేశమే లేని కాలానికి మూడు ఎక్స్‌లు ఉంటాయి. వీటిని 'మిస్సింగ్'గా ప్రకటించకపోతే సాఫ్ట్‌వేర్ ఆ నిలువు వరస మొత్తాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, లేదా సున్నాలు నింపుతుంది. సోవియట్ యూనియన్ లెక్క లేనందున 1991కి ప్రపంచ మొత్తం ఇవ్వలేదు. గ్రాఫులో ఆ ఖాళీని గీతతో కలిపేయకూడదు.

మన అంకెనే చూద్దాం. 2024కి భారత్ వ్యయం 8,610 కోట్ల డాలర్లని సిప్రి చెప్పింది. 2024–25 బడ్జెట్‌లో రక్షణ శాఖ కేటాయింపు సుమారు 6.22 లక్షల కోట్ల రూపాయలు, అంటే దాదాపు 7,400 కోట్ల డాలర్లు. తేడా చూసి ఏదో ఒకటి తప్పనుకోనక్కర్లేదు. సరిహద్దు భద్రతా దళం, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ వంటి దళాల ఖర్చును సిప్రి కలుపుతుంది, అది హోంశాఖ పద్దులో ఉంటుంది. సైనిక అణు కార్యక్రమాల ఖర్చును కలపదు. పైగా వాళ్లది క్యాలెండర్ సంవత్సరం: 2023–24లో నాలుగో వంతు, 2024–25లో మూడొంతులు కలిస్తే 2024 అవుతుంది. ఏడాది పొడవునా ఖర్చు సమంగా సాగుతుందన్న ఊహ మీద నిలిచిన లెక్క ఇది. మార్చి నెలాఖరు హడావుడి తెలిసినవాళ్లెవరూ దాన్ని నెలవారీ విశ్లేషణకు వాడరు.

స్థిర డాలర్ల షీట్‌లో ఆధార సంవత్సరం కూర్పుకూ కూర్పుకూ మారుతుంది. కాబట్టి నిరుటి ఫైలులోని వరసకు ఈ ఏటి కొత్త అంకెను అతికించకూడదు. కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా 1949 నుంచీ మళ్లీ దించుకోవాలి, పాత సంవత్సరాల అంకెలనూ సవరిస్తుంటారు. దేశాల మధ్య పోలికకు ఈ షీట్లు బలహీనం. మారకం రేటుతో మార్చిన డాలర్లు సిపాయి జీతం తక్కువున్న దేశాన్ని ఉన్నదానికన్నా చిన్నదిగా చూపిస్తాయి. 2024లో అమెరికా 99,700 కోట్ల డాలర్లు, చైనా అంచనాగా 31,400 కోట్ల డాలర్లు అన్నప్పుడు, చైనా సైన్యం మూడో వంతేనని అర్థం కాదు.

ఇంకో ఉచ్చు: సైనిక వ్యయం మీద ప్రపంచ బ్యాంకు పట్టిక తీసుకుని 'రెండు స్వతంత్ర వనరులూ ఒకే మాట చెబుతున్నాయి' అనడం. ప్రపంచ బ్యాంకు తీసుకునేది సిప్రి దగ్గర్నుంచే. నిజంగా సరిచూసుకోవాలంటే నాటో సభ్య దేశాలకు నాటో సొంత నిర్వచనం ఉంది. బదిలీలకు 1991లో ఏర్పాటైన ఐక్యరాజ్యసమితి సంప్రదాయ ఆయుధాల రిజిస్టర్ ఉంది, దేశాలు తమంతట తాము చెప్పినంతే అందులో ఉంటుంది. ఎవరి దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయి అన్నదానికి సిప్రి పనికిరాదు, అది వచ్చిపోయేవాటి లెక్క. నిల్వల కోసం లండన్ సంస్థ ఐఐఎస్ఎస్ ఏటా వేసే 'మిలిటరీ బ్యాలెన్స్' కొనాలి.

సంస్థ స్వభావం మీద అనుమానాలు వినిపిస్తుంటాయి. స్వీడన్ 150 ఏళ్ల శాంతి గుర్తుగా ఆ దేశ పార్లమెంటు నిర్ణయంతో 1966లో పుట్టింది, నిధుల్లో పెద్ద భాగం స్వీడన్ ప్రభుత్వానివే. 1971 నుంచి 1981 వరకు డైరెక్టరుగా ఉన్న ఫ్రాంక్ బార్నబీ బ్రిటన్ అణ్వాయుధ కేంద్రం ఆల్డర్‌మాస్టన్‌లో భౌతిక శాస్త్రవేత్తగా మొదలై, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో పనిచేసి ఇటు వచ్చినవాడు. ఆయుధం లోపలి సంగతి తెలిసినవాళ్లు పద్ధతిని కట్టారన్నది టీఐవీ లాంటి కొలతలో కనబడుతుంది. వనరులన్నీ బహిరంగమైనవే. అదే బలం, పరిమితి కూడా: రహస్యంగా జరిగిన బదిలీ బయటపడేదాకా పట్టికలో ఉండదు.

ఉదహరించేటప్పుడు డేటాబేస్ పేరుతోపాటు దించుకున్న తేదీ, షీట్ పేరు, ఆధార సంవత్సరం రాయండి. బదిలీల కొత్త లెక్కలు మార్చిలో, వ్యయం లెక్కలు ఏప్రిల్‌లో వస్తాయి కాబట్టి ఫిబ్రవరిలో అచ్చుకిచ్చే వ్యాసానికి చేతిలో ఉన్నది అంతకు ముందటేడాది సరుకే. నడుస్తున్న ఏడాది బడ్జెట్ కావాలంటే ఆ దేశ ఆర్థిక శాఖ పత్రాలే చూడాలి.