ఫిబా బాక్స్ స్కోర్ రివ్యూ: పాయింట్స్ కాలమ్ దగ్గరే ఆగిపోకండి

ఇంటర్నేషనల్ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళలో చాలామంది మ్యాచ్ అయిపోగానే ఎవరెన్ని పాయింట్లు కొట్టారో ఒక చూపు చూసి పేజీ మూసేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) వాళ్ళు ప్రతి పెద్ద మ్యాచ్‌కీ బాక్స్ స్కోర్ (ఒక్కో ప్లేయర్ ఏం చేశాడో చూపించే పట్టిక, నేను షీట్ అనేది దీన్నే), ప్లే బై ప్లే (ఏ క్షణంలో ఏం జరిగిందో వరసగా), షాట్ చార్ట్ (ఎక్కణ్ణించి షాట్ వేశారో చూపించే బొమ్మ) అని బోలెడంత పెడుతున్నారు, పైసా కట్టక్కర్లేదు, అందులో ఒక్క కాలమ్ చూసి వెళ్ళిపోతే ఎలా చెప్పండి. నా వరకు ఇది 5కి 4 స్టార్ల సర్వీస్. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

ముందు బాగున్నది చెప్పుకుందాం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా, సెర్బియా రెండుసార్లు ఆడాయి కదా. జూలై 28న గ్రూప్ మ్యాచ్‌లో 110-84, అమెరికా ఉతికి ఆరేసింది అనే అందరూ అనుకున్నారు, అమెరికా స్టార్లు డ్యురాంట్ 23 పాయింట్లు, లెబ్రాన్ 21, అయిపోయింది కథ. కానీ అదే షీట్‌లో సెర్బియా స్టార్ యోకిచ్ లైన్‌లో ప్లస్-మైనస్ దగ్గరికి వెళ్ళండి. ప్లస్-మైనస్ అంటే ఆ ప్లేయర్ కోర్టులో ఉన్నంతసేపు వాళ్ళ టీమ్ ఎన్ని ఎక్కువ కొట్టింది లేదా ఎన్ని తక్కువ కొట్టింది అనే లెక్క, అంతే. యోకిచ్ ఆడిన దాదాపు 31 నిమిషాల్లో రెండు టీములూ సమానం! ఆ 26 పాయింట్ల తేడా మొత్తం అతను బెంచ్ మీద కూర్చున్న ఆ 9 నిమిషాల్లోనే వచ్చింది. స్కోర్ చూస్తే ఏకపక్షం, షీట్ చదివితే అసలు ఈ సెర్బియాతో మళ్ళీ ఆడాల్సి వస్తే కష్టమే అనిపిస్తుంది. ఆగస్టు 8న సెమీస్‌లో అదే జరిగింది, నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి సెర్బియా 76-63తో 13 పాయింట్లు ముందుంది. చివరికి 95-91తో అమెరికా బయటపడింది అనుకోండి.

ఆ సెమీస్ షీట్ అయితే ఎన్నిసార్లు చదివినా విసుగు రాదు నాకు. పైన చిన్న పట్టీలో క్వార్టర్ల స్కోర్ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు గానీ మ్యాచ్ మొత్తం అక్కడే ఉంది, మొదటి మూడు క్వార్టర్లలో వెనకబడ్డ టీమ్ చివరి క్వార్టర్‌ని 32-15 తీసింది. అమెరికా ప్లేయర్ కర్రీ 36 పాయింట్లు, అందులో 9 త్రీలు (దూరం నించి వేసే 3 పాయింట్ల షాట్లు) అంటే 27 పాయింట్లు అక్కడినించే. లెబ్రాన్ 16 పాయింట్లు, 12 రీబౌండ్లు (మిస్సయిన షాట్ బంతిని పట్టుకోవడం), 10 అసిస్టులు (పక్కవాడు స్కోర్ చేసేలా ఇచ్చిన పాస్‌లు). అవతల యోకిచ్ 17 పాయింట్లే కొట్టాడు కానీ 11 అసిస్టులు ఇచ్చాడు, అంటే తను కొట్టినదాని కన్నా పక్కవాళ్ళ చేత కొట్టించిందే ఎక్కువ, పాయింట్స్ మాత్రమే చూసేవాళ్ళకి ఇది ఎలా తెలుస్తుంది?

ఫిబా షీట్‌లో నాకు బాగా నచ్చేది 2 పాయింట్ల షాట్లు, 3 పాయింట్ల షాట్లు విడివిడిగా రాయడం. ఫ్రాన్స్‌తో ఫైనల్ (98-87) తీసుకోండి, కర్రీ 24 పాయింట్లు, 8 త్రీలు, ఇక 2 పాయింట్ల దగ్గరా ఫ్రీ త్రోల (ఫౌల్ పడితే అడ్డు లేకుండా వేసే 1 పాయింట్ షాట్ల) దగ్గరా స్కోర్ సున్నా, ఒక్క లైన్‌లో ఆ మనిషి ఆ రోజు ఏం చేశాడో మొత్తం కనిపిస్తుంది. మర్నాడు మహిళల ఫైనల్‌లో ఇదే కాలమ్ గోల్డ్ మెడల్ ఎవరిదో తేల్చింది, ఆఖరి క్షణంలో గాబీ విలియమ్స్ వేసిన షాట్ పడింది, కానీ కాలు 3 పాయింట్ల గీత మీద ఉంది, కాబట్టి అది 3 కాదు 2, ఫ్రాన్స్ 66, అమెరికా 67. 3 అయ్యుంటే ఓవర్‌టైమ్. షీట్‌లో మాత్రం అది మిగతా 2 పాయింట్ల షాట్లలో ఒకటిగా కలిసిపోయి ఉంటుంది, ప్లే బై ప్లే తెరిస్తేనే ఏ సెకన్లో పడిందో తెలుస్తుంది. అందుకే రెండూ పక్కపక్కనే పెట్టుకుని చదవమంటా.

ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) లెక్కలకి అలవాటుపడి వచ్చేవాళ్ళు కొన్ని తెలుసుకోవాలి. ఇక్కడ మ్యాచ్ 40 నిమిషాలే, 48 కాదు, కాబట్టి ఇక్కడి 20 పాయింట్లని అక్కడి 20తో పోల్చకండి. ఐదు ఫౌల్స్‌కే బయటికి. అసిస్ట్ రూల్ కూడా వేరే, పాస్ అందుకున్నవాడి మీద ఫౌల్ పడి వాడు ఒక్క ఫ్రీ త్రో బుట్టలో పడేసినా ఇక్కడ అసిస్ట్ ఇస్తారు, ఎన్‌బీఏలో ఇవ్వరు. ఇంకోటి, ప్లేయర్ల రీబౌండ్లన్నీ కూడితే టోటల్ రాలేదని కంగారు పడేవాళ్ళని చూశా, కింద టీమ్ పేరుతో ఒక వరస ఉంటుంది చూడండి, మిస్సయిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా బయటికి పోతే ఆ రీబౌండ్ టీమ్ ఖాతాలోకి వెళ్తుంది.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్ సంగతి. ఎఫిషియెన్సీ అని ఒక కాలమ్ ఉంది, పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (అవతలివాళ్ళ బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని గాల్లోనే ఆపడం) అన్నీ కూడి మిస్సయిన షాట్లు, మిస్సయిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) తీసేస్తే వచ్చే నంబర్. ఇది చూసి బెస్ట్ ప్లేయర్ ఎవరో తేల్చేస్తున్నారు జనం, అది నాకు అస్సలు నచ్చదు. దూరం నించి వేసిన త్రీ మిస్సయినా బుట్ట కింద లేఅప్ వదిలేసినా ఒకే మైనస్ ఒకటి ఏంటి? అవతలి స్టార్‌ని మ్యాచ్ అంతా అంటిపెట్టుకుని ఊపిరాడనివ్వని డిఫెండర్‌కి స్టీల్, బ్లాక్ పడకపోతే ఒక్క పాయింటూ రాదు, సగం ఆటకి విలువే లేనట్టు. ఆ కాలమ్ తీసేసినా నాకు బాధ లేదు.

ప్లస్-మైనస్ కూడా గుడ్డిగా నమ్మేది కాదు. యోకిచ్ విషయంలో అది నిజం చెప్పింది, ఎందుకంటే 31 నిమిషాలు ఆడాడు, పైగా టీమ్ ఆట అంతా అతని చుట్టూనే తిరుగుతుంది. అదే 4 నిమిషాలు ఆడినవాడికి ప్లస్ 9 వచ్చిందంటే వాడు చేసింది ఏమీ లేకపోవచ్చు, ఆ టైమ్‌లో పక్కనున్న నలుగురు దంచి ఉంటారు. ఏ ఐదుగురు కలిసి ఉన్నప్పుడు ఏం జరిగిందో బాక్స్ స్కోర్‌లో కనిపించదు, ప్లే బై ప్లేలో సబ్‌స్టిట్యూషన్లు చూసుకుంటూ మనమే లెక్కేసుకోవాలి, ఓపిక ఉన్నవాళ్ళకే అది.

వేరే స్కోర్ యాప్ ఒకటి కూడా వాడా, పేరు చెప్పను, అందులో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు తప్ప ఏమీ లేవు, మిస్సయిన షాట్లు అసలు చూపించదు. 25 కొట్టాడంటే 12 షాట్లు వేశాడా 30 వేశాడా తెలియకుండా ఆ 25 ఏం చేసుకోవాలి మనం. డిలీట్ చేసేశా.

కొత్తగా చూసేవాళ్ళు మొదట టీమ్ స్టాట్స్ తెరవండి, టర్నోవర్ల మీద వచ్చిన పాయింట్లు, సెకండ్ ఛాన్స్ పాయింట్లు (తమ మిస్సయిన బంతిని మళ్ళీ పట్టుకుని కొట్టినవి), బెంచ్ పాయింట్లు (సబ్‌స్టిట్యూట్లు కొట్టినవి), మ్యాచ్ ఎక్కడ పోయిందో సగం అక్కడే దొరుకుతుంది, తర్వాత ప్లేయర్ల దగ్గరికి రండి, నిమిషాల కాలమ్ చూశాకే మిగతావి. ఫోన్‌లో అయితే అడ్డంగా తిప్పుకుని చూడండి, నిలువుగా పట్టుకుంటే ప్లస్-మైనస్ కుడిపక్క తెర బయటికి పోతుంది, పక్కకి జరిపితే గానీ కనపడదు.