టోపీ కింద బీప్: మూడేళ్లు వాడాక

ఈత టోపీ కింద, చెవి పక్కన పెట్టుకునే చిన్న బీపర్ ఒకటి దొరుకుతుంది. మనం పెట్టిన సెకన్లకోసారి బీప్ అంటుంది. అంతకు మించి ఏమీ చేయదు. గుండె వేగం చెప్పదు, ఫోన్‌కి లెక్కలు పంపదు. 25 మీటర్ల పూల్లో, వారానికి మూడు రోజుల చొప్పున, మూడేళ్లకు పైగా వాడాక ఇది రాస్తున్నాను.

దానికి ముందు నా సాధన గానుగెద్దు నడకలా ఉండేది. రోజూ 40 లెంగ్త్‌లు, అంటే ఈ గోడ నుంచి ఆ గోడకి నలభై సార్లు, మొత్తం కిలోమీటరు, ఒకే ఊపులో. మొదట 25 నిమిషాల చిల్లర పట్టేది. ఏడాది గడిచాక కూడా 25 నిమిషాల చిల్లరే. ఆయాసం తగ్గింది కాబట్టి బాగుపడుతున్నాననుకున్నాను. నిజానికి ఒళ్లు ఆ ఒక్క వేగానికి అలవాటు పడి అక్కడే కూర్చుంది.

బీపర్ కొన్నాక మొదటి ప్రశ్న, దాన్ని ఎన్ని సెకన్లకు పెట్టాలి? దీనికి చాలామంది ఈతగాళ్లు వాడే లెక్క ఒకటుంది. బాగా ఒళ్లు వేడెక్కాక 400 మీటర్లు శక్తి కొద్దీ ఈదాలి. పూర్తిగా తేరుకుని 200 మీటర్లు అలాగే ఈదాలి. పెద్ద టైమ్‌లోంచి చిన్నది తీసేసి సగం చేస్తే, ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం 100 మీటర్లకు ఎంతో వస్తుంది. నాకు 400కి 9 నిమిషాల 20 సెకన్లు, 200కి 4 నిమిషాల 24 సెకన్లు పట్టాయి. తేడా 4:56, అందులో సగం 2:28. నాలుగు లెంగ్త్‌లకు పంచితే లెంగ్త్‌కి 37 సెకన్లు. బీపర్‌ని 37కి పెట్టాను.

మొదటి రోజు సంగతి చెప్పుకోవాలి. 200 మీటర్లు ఈదాలని దిగాను. మొదటి గోడ 31 సెకన్లకే తాకేశాను, బీప్ ఇంకా రాలేదు. ఇంత తేలికా అనుకున్నాను. నాలుగో లెంగ్త్‌కి నేనూ బీపూ ఒకేసారి గోడ చేరాం. ఆరో లెంగ్త్ సగం దాటానో లేదో మోగేసింది. అప్పటికి నేను ఈదడం లేదు, నీళ్లలో పాకుతున్నాను. ఏడాది పాటు నేను చేసింది ఇదేనని అప్పుడు తెలిసింది: మొదట్లో దౌడు, చివర్లో చతికిల. గోడ మీద గడియారం చూసుకున్నా మొత్తం టైమే తెలిసేది, అది ఎక్కడ కారిపోతోందో తెలిసేది కాదు.

సమంగా ఈదడం ఎంత కష్టమో దీని వల్లే అర్థమైంది. అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ 2018లో 1500 మీటర్లు 15 నిమిషాల 20.48 సెకన్లలో ఈదింది. సగటున ప్రతి వందా 61 సెకన్ల చిల్లర, అలా పదిహేను వందలు. ఆ వేగం మనకెలాగూ రాదు కానీ, ఆ నిలకడ నేర్చుకోవచ్చు. నాకు రెండు నెలలు పట్టింది. మొదటి లెంగ్త్‌లో కావాలని మందకొడిగా ఈదడమే అన్నిటికన్నా కష్టమైన పాఠం.

ఆ తర్వాత నా సెట్లు (మధ్యలో ఆగుతూ ఈదే వరసలు) ఇలా పెరిగాయి. మొదట వంద మీటర్లవి ఎనిమిది, మధ్యలో 20 సెకన్ల విరామం. అవన్నీ బీప్‌తో కలిశాక వేగం పెంచలేదు, విరామాన్ని 15కి, తర్వాత 10కి తగ్గించాను. ఆ పైన 200 మీటర్లవి ఐదు, చివరికి 400 మీటర్లవి మూడు. అవి కూడా కుదిరాకే బీపర్‌ని అర సెకను తగ్గించేవాణ్ని. అర సెకనంటే నవ్వులాటగా ఉంటుంది, కానీ లెంగ్త్‌కి అర సెకనంటే 400కి ఎనిమిది సెకన్లు. వారంలో ఒక రోజు దీనికి, ఒక రోజు పొట్టి పరుగులకు (25 మీటర్లు ప్రాణం పెట్టి ఈది, పూర్తిగా తేరుకునేదాకా ఆగడం), ఒక రోజు బీపర్ లేకుండా స్ట్రోక్ దిద్దుకోవడానికి.

ఇందులో ఇంకో వాడకం ఉంది: చెయ్యి నీళ్లలో పడే ప్రతిసారీ, అంటే ఒక్కో స్ట్రోక్‌కి, ఒక బీప్. దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. అప్పట్లో లెంగ్త్‌కి 26 స్ట్రోక్‌లు, స్ట్రోక్‌కి 1.25 సెకన్లు. చేతులు వేగంగా తిప్పితే వేగం అదే వస్తుందనుకుని 1.00కి పెట్టాను. స్ట్రోక్‌లు 33 అయ్యాయి. టైమ్ మాత్రం అదే 37. నీళ్లను వెనక్కి తొయ్యడం మానేసి చితక్కొడుతున్నానన్నమాట, పైగా భుజం నొప్పి బోనస్. వేగం రెట్టింపైతే నీటి అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది కాబట్టి, బలం కన్నా ముందు ఒళ్లు నీటి మీద తిన్నగా, సన్నగా ఉంచుకోవాలి. మా కోచ్ ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, 33 అనే అంకె చూశాక ఎక్కింది. నాలుగు నెలలు బీపర్‌ని పక్కన పెట్టి తల దించడం, మోచేయి పైన ఉంచి నీళ్లు పట్టడం, గోడను తన్నాక చేతులు చాచి బాణంలా జారడం, ఇవే చేశాను. ఇప్పుడు 22 స్ట్రోక్‌లు, 1.15 సెకన్లు, లెంగ్త్ 29.5. అంటే వందకి 1:58. మొన్నటి పరీక్షలో 400కి 7:36, 200కి 3:40 వచ్చాయి.

ఇక లోపాలు. టోపీ కాస్త వదులైతే గోడ దగ్గర పల్టీ కొట్టినప్పుడు బీపర్ జారిపోతుంది. రెండుసార్లు పూల్ అడుగున వెతుక్కున్నాను. రెండు టోపీలు వేసుకుని మధ్యలో పెట్టాక ఆ బెడద పోయింది. రెండో ఏడు బ్యాటరీ మూత సరిగ్గా బిగించక నీళ్లు పోయి ఒకటి చచ్చిపోయింది. తప్పు నాదే, రబ్బరు రింగులో వెంట్రుక చిక్కుకుంది. చుట్టూ పదిమంది నీళ్లు చిమ్ముతుంటే బీప్ సరిగా వినబడదు. లేన్‌లో ముందువాళ్లు నెమ్మదిగా వెళ్తుంటే దానికేం తెలుసు, అది మోగుతూనే ఉంటుంది. జనం ఉన్న వేళల్లో దీన్ని పెట్టుకోవడం టెన్షన్ కొనుక్కోవడమే.

పెద్ద లోపం ఇంకోటి. పోటీల్లో ఇలాంటివి పెట్టుకోనివ్వరు. పెద్దల విభాగంలో నా మొదటి 400 పోటీకి వెళ్తే, చెవిలో బీప్ లేక, పక్క లేన్ వాళ్లను చూసి పాత జబ్బు తిరగబెట్టింది. మొదటి వంద అద్భుతం, చివరి వంద అడగొద్దు. అందుకే ఇప్పుడు ప్రతి సెట్‌లో సగం బీపర్ తీసేసి ఈది, గోడ తాకగానే టైమ్ ఎంతో ఊహించి, తర్వాత గడియారం చూస్తాను. రెండు సెకన్ల తేడాలోపే చెప్పగలుగుతున్నాను.

నా సంచిలో పుల్ బాయ్ (తేలే నురుగు దిమ్మ), ప్యాడిల్స్ (అరచేతులకు కట్టుకునే పలకలు), ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కలు) కూడా ఉన్నాయి. పుల్ బాయ్ తొడల మధ్య పెట్టుకుంటే కాళ్లు తేలతాయి, మనకి ఈత వచ్చేసిందనిపిస్తుంది. తీసేశాక కాళ్లు మళ్లీ కిందికే. ప్యాడిల్స్ భుజం మీద పగబట్టాయి. ఫిన్స్ ఒక్కటే అప్పుడప్పుడు వాడుతున్నాను.

ఇంకా 200 మీటర్లు ఆగకుండా ఈదలేనివాళ్లు దీన్ని కొనొద్దు, వాళ్లకు కావలసింది కోచ్. ఏళ్ల తరబడి ఒకే టైమ్ దగ్గర ఆగిపోయినవాళ్లు మాత్రం తప్పక చూడండి. ప్రస్తుతం 400కి దాన్ని ఆ 7:36 కన్నా కాస్త వేగంగా పెట్టాను. మూడో వంద దాకా దానితో సమంగా వస్తున్నాను, నాలుగో వందలో అదే నాకన్నా ముందు గోడ తాకుతోంది.