లైపోసక్షనా, టమ్మీ టక్కా: పొట్ట తీరును మార్చుకోదలచినవారికి ఏది మేలు?

పొట్ట ఆకృతిని సరిదిద్దుకునే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తున్నవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, ఈ రెండింటిలో ఏది తేలిక, ఎన్నాళ్లకు మళ్లీ పనిలోకి వెళ్లవచ్చు అన్నది. ప్రశ్న సహజమైనదే గాని, ఎంపికను దానితో మొదలుపెడితే దారి తప్పే అవకాశమే ఎక్కువ. చర్మం కింది కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్ చిన్న వైద్యమనీ, మిగులు చర్మాన్ని కోసేసి సడలిన కండరాలను బిగించే టమ్మీ టక్ అదే వైద్యానికి పెద్ద రూపమనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు లోపాలకు చేసే రెండు వేర్వేరు పనులు. ఒకదాని బదులు మరొకటి చేయించుకుంటే, కోలుకోవడం ఎంత సులువుగా సాగినా, అద్దంలో కనబడేది కోరుకున్నది కాకపోవచ్చు.

పొట్ట ముందుకు కనబడడానికి నాలుగు కారణాలుంటాయి: వదులైన చర్మం, చర్మం కింద పేరుకున్న కొవ్వు, మధ్యలో ఎడం పడి సడలిన కండరాలు, ఆ కండరాల వెనుక పేగుల చుట్టూ చేరిన కొవ్వు. లైపోసక్షన్ ముట్టుకునేది రెండవదాన్ని మాత్రమే. టమ్మీ టక్ ప్రధానంగా మొదటిదాన్ని, మూడవదాన్ని సరిచేస్తుంది. తీసివేసే చర్మంతోపాటు దాని కింది కొవ్వు కూడా పోతుంది. నాలుగవదాన్ని ఈ రెండింటిలో ఏదీ తాకదు. ఆహారం, వ్యాయామం, అవసరమైతే మందులే దానికి ప్రధానమైన దారి. పడుకున్నప్పుడు కూడా పొట్ట గుండ్రంగా, గట్టిగా, వేళ్లతో పట్టుకోవడానికి వీలులేకుండా ఉంటే ఆ నాలుగవ కారణమే ప్రధానమని అనుమానించాలి.

కొవ్వు తీయించుకుంటే మధుమేహం కూడా అదుపులోకి వస్తుందేమో అన్న ఆశ కొందరిలో ఉంటుంది. స్థూలకాయం ఉన్న 15 మంది స్త్రీలకు లైపోసక్షన్‌తో సుమారు పది కిలోల చొప్పున కొవ్వు తీసి, కొన్ని వారాల తరువాత పరీక్షించిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. అంత కొవ్వు పోయినా ఇన్సులిన్ పనితీరులో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. కనుక ఈ రెండూ ఆకృతికి చేసే చికిత్సలే తప్ప బరువుకో, రక్తంలో చక్కెరకో చేసేవి కావు. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉన్న తరువాతనే వీటి గురించి ఆలోచించమని సర్జన్లు చెప్పడానికి కారణం ఇదే.

ఇక లైపోసక్షన్ ఎలా చేస్తారో, దానిలోని ప్రమాదం ఎక్కడ ఉంటుందో చూద్దాం. కొన్ని మిల్లీమీటర్ల కోతల గుండా సన్నని గొట్టాన్ని చర్మం కిందకు పంపి కొవ్వును పీల్చి తీస్తారు. మొనదేలని గొట్టంతో ఈ పద్ధతిని 1970ల చివర ప్రాచుర్యంలోకి తెచ్చినవారు ఫ్రాన్సుకు చెందిన సర్జన్ ఇలూజ్. ఆ తరువాత, 1987లో, అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ ప్రచురించిన పద్ధతి దీన్ని మరింత సురక్షితం చేసింది. తిమ్మిరెక్కించే లిడోకెయిన్, రక్తనాళాలను ముడిచే ఎడ్రినలిన్ అనే మందులు కలిపిన సెలైన్‌ను ముందుగా కొవ్వు పొరలోకి ధారాళంగా ఎక్కిస్తే నొప్పీ తగ్గుతుంది, రక్తస్రావమూ బాగా తగ్గుతుంది. అందుకే కొద్దిపాటి కొవ్వు తీయడానికి పూర్తిగా స్పృహ తప్పించే మత్తు అవసరం లేకపోవచ్చు.

అయితే స్పృహలోనే చేస్తారు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ఎక్కించిన లిడోకెయిన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది చాలా గంటల తరువాత, తరచుగా రోగి ఇంటికి వెళ్లిపోయాక. అందుచేత శరీర బరువును బట్టి మోతాదు లెక్క కట్టడం తప్పనిసరి. ఒకే విడతలో పీల్చి తీసే మొత్తం ఐదు లీటర్లు దాటితే దాన్ని పెద్ద మోతాదు లైపోసక్షన్‌గా పరిగణిస్తారు. శరీరంలోని ద్రవాల సమతౌల్యం దెబ్బతినే అవకాశం ఉన్నందున ఆ రాత్రి వైద్యుల పర్యవేక్షణలోనే ఉండాలి. అరుదుగానే అయినా అత్యంత ప్రమాదకరమైనవి మరి రెండు ఉన్నాయి: కొవ్వు కణికలు రక్తంలో చేరి ఊపిరితిత్తులకు అడ్డుపడడం, గొట్టం కడుపు గోడను చీల్చుకుని లోపలి అవయవాలను గాయపరచడం. పాత ఆపరేషను మచ్చ దగ్గర బయటకు తెలియని హెర్నియా (కడుపు గోడ బలహీనపడిన చోట లోపలి భాగం బయటకు పొడుచుకురావడం) ఉన్నవారికి రెండవ ప్రమాదం పెరుగుతుంది కనుక, గతంలో పొట్టకు జరిగిన ప్రతి శస్త్రచికిత్సనూ, అది ఎంత చిన్నదైనా, ముందే చెప్పాలి.

టమ్మీ టక్ దీనికి భిన్నమైన పని. పొత్తికడుపు అడుగున ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కోత పెట్టి, చర్మాన్ని కొవ్వుతో సహా పక్కటెముకల దాకా పైకి లేపి, ఎడం పడిన కండరాలను మధ్యకు చేర్చి కుట్లు వేసి, మిగులు చర్మాన్ని కోసేసి, బొడ్డును కొత్త స్థానంలో అమరుస్తారు. దీనికి సాధారణంగా జనరల్ అనస్థీషియా, అంటే పూర్తిగా స్పృహ తప్పించే మత్తు, కావాలి. చర్మాన్ని లేపిన చోట ఏర్పడిన ఖాళీలో నీరు చేరడం తరచుగా కనబడే ఇబ్బంది. అందుకే కొన్ని రోజులు గొట్టాలు ఉంచుతారు, లేదా ఆ ఖాళీ మూసుకునేలా లోపల అదనపు కుట్లు వేస్తారు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం సౌందర్య శస్త్రచికిత్సలలో టమ్మీ టక్‌కు ఎక్కువే. వయసు, బరువు, గర్భనిరోధక మాత్రలు, కుటుంబంలో గడ్డకట్టిన చరిత్ర ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, అవసరమైనవారికి గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. శస్త్రచికిత్స జరిగిన రోజే రోగిని లేపి నాలుగు అడుగులు నడిపించడం కూడా అందుకే.

పొగతాగేవారి విషయంలో ఈ రెండింటి మధ్య తేడా మరీ స్పష్టంగా కనబడుతుంది. పైకి లేపి కిందకు లాగి కుట్టిన చర్మపు అంచుకు రక్తం చేరే దారులు ముందే తగ్గిపోయి ఉంటాయి. పొగలోని నికోటిన్, మిగిలిన ఆ కొద్ది దారులను కూడా ఇరుకు చేస్తుంది. ఫలితంగా ఆ అంచు నల్లబడి చచ్చిపోతే గాయం మానడానికి నెలలు పట్టవచ్చు. ముందు నాలుగు వారాలు, తరువాత నాలుగు వారాలు పొగ మానమని చెప్పేది ఇందుకే. నికోటిన్ గమ్, ఈ-సిగరెట్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మానలేనివారికి టమ్మీ టక్ వాయిదా వేయడమే సబబు. ఈ సంగతి దాచి ఆపరేషను చేయించుకునేవారు సర్జన్‌ను కాదు, తమ చర్మాన్నే మోసగిస్తున్నారు.

కోలుకునే కాలాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే లైపోసక్షన్‌దే పైచేయి అనడంలో సందేహం లేదు. కొద్ది రోజుల నుంచి వారం లోపు కూర్చుని చేసే పనికి వెళ్లగలుగుతారు. మొదటి ఒకటి రెండు రోజులు కోతల నుంచి గులాబీ రంగు నీరు కారడం చూసి భయపడతారు గాని, అది చాలావరకు లోపలికి ఎక్కించిన సెలైనే. కమిలిన మచ్చలు రెండు మూడు వారాలు ఉంటాయి, బిగుతు వస్త్రం కొన్ని వారాలు వేసుకోవాలి, తిమ్మిరి ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు. వాపు పూర్తిగా దిగి అసలు ఆకృతి తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కనుక, రెండవ వారంలో అద్దం ముందు నిలబడి తీర్పు చెప్పుకోవడం తొందరపాటు.

టమ్మీ టక్‌లో తొలి వారం నడుము కొద్దిగా వంచే నడవాలి, కాళ్ల కింద దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. దగ్గినా, నవ్వినా, మంచం మీద నుంచి లేచినా కుట్టిన కండరాలు గుర్తుచేస్తాయి. కూర్చుని చేసే పనికి రెండు మూడు వారాలు, బరువులెత్తడానికి, పొట్ట కండరాలకు పనిచెప్పే వ్యాయామానికి కనీసం ఆరు వారాలు ఆగాలి. పసిబిడ్డ ఉన్న తల్లి బిడ్డను ఎత్తుకోకుండా ఆరు వారాలు ఎలా గడపగలనో ముందే ఆలోచించుకోవాలి. ఇంట్లో మరో మనిషి సాయం లేకపోతే తేదీ నిర్ణయించుకోకపోవడమే మేలు. మచ్చ మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉండి, లేతబడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అది పూర్తిగా మాయం కాదు.

ఏ చికిత్స తరువాతనైనా ఒక కాలి పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, మందులకు లొంగకుండా పెరిగే కడుపునొప్పి, తీవ్రమైన జ్వరం కనబడితే మరుసటి ఉదయం దాకా ఆగకూడదు.

ఇంత చెప్పిన తరువాత, నిలబడినప్పుడు చర్మం ముడతలుగా వేలాడుతుంటే, లేదా వెల్లకిలా పడుకుని తల కొద్దిగా ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బుతుంటే, కోలుకోవడం తేలికని లైపోసక్షన్ వైపు వెళ్లడం నా ఉద్దేశంలో తప్పుడు పొదుపు. లోపలి కొవ్వు పోయిన కొద్దీ సాగిన చర్మం ఖాళీ సంచిలా మరింత జారుతుంది, కండరాల ఎడం అలాగే ఉండిపోతుంది. ఏడాది తిరగకుండా టమ్మీ టక్ కోసం మళ్లీ వస్తే, రెండుసార్లు మత్తు, రెండుసార్లు సెలవు. చర్మం బిగువుగా ఉండి, కొవ్వు ఒకటి రెండు చోట్ల మాత్రమే మొండికేసినవారికైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం: వారికి జీవితాంతం ఉండే పొడవాటి మచ్చను ఇవ్వడానికి కారణమే లేదు.

రెండూ ఒకేసారి చేయించుకోవచ్చా అని అడిగేవారూ ఉంటారు. నడుము పక్కల కొవ్వును పీల్చి ముందు భాగానికి టమ్మీ టక్ చేయడం ఇప్పుడు మామూలే. కాని పనులు పెరిగిన కొద్దీ బల్ల మీద గడిచే గంటలు, గడ్డకట్టే ప్రమాదం కూడా పెరుగుతాయి. రొమ్ము, తొడలు, చేతులు అన్నీ ఒకే రోజు ముగించే ప్రతిపాదన వస్తే విడతలుగా చేయమని అడగడం రోగి హక్కు.

ఇంకా పిల్లలు కావాలనుకునే స్త్రీలు టమ్మీ టక్‌ను ఆఖరి కాన్పు అయ్యేదాకా వాయిదా వేసుకోవడం మంచిది. టమ్మీ టక్ తరువాత గర్భం ధరించడంలో అపాయం ఉందని కాదు, దగ్గరకు చేర్చిన కండరాలూ, బిగించిన చర్మమూ మళ్లీ సాగిపోతాయని. లైపోసక్షన్‌కు అంత గట్టి నియమం లేదు. అయితే మిగిలిన కొవ్వు కణాలు బరువుతోపాటు పెరిగే స్వభావాన్ని వదులుకోవు గనుక, కాన్పు తరువాత బరువు ఒక స్థాయికి వచ్చి నిలిచి, బిడ్డ పాలు మానిన కొన్ని నెలలకు సర్జన్‌ను కలిస్తేనే ఏ పొరలో ఎంత పని ఉందో ఆయన సరిగ్గా చెప్పగలుగుతాడు.