లయ పట్టుబడాలంటే ఏది మేలు: ఫోన్‌లో టిక్ టిక్కా, చప్పట్లా, డప్పు దరువా?

రెండేళ్ల కింద మా స్కూల్ వార్షికోత్సవంలో ఒక జానపద వరుసను ఫ్లూట్ మీద వాయించాను. డోలక్ మీద మా లెక్కల సారు. పాట అయిపోయిందని నేను ఫ్లూట్ దించేసరికి ఆయన చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. రెండు దెబ్బల ముందే ముగించేశాను. పిల్లలు గమనించలేదు, చప్పట్లు కూడా కొట్టారు. సారు మాత్రం డోలక్ మీది నుంచి తలెత్తి ఒక్క చూపు చూశాడు. స్వరం ఒక్కటీ తప్పలేదు, తప్పిందల్లా లయే.

ఆ చూపు మరిచిపోలేక మూడు దారులు పట్టాను. హనుమకొండలో ఉండేవాడికి మూడూ అందుబాటులో ఉన్నవే. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ కొట్టే యాప్), బతుకమ్మ కోలాటాల్లాంటి చప్పట్లు అడుగులు, డప్పు డోలు వాయించేవాళ్ల పక్కన కూర్చోవడం.

ముందు ఫోన్ సంగతి. 1815లో మేల్జెల్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న టిక్ టిక్ పరికరం ఇప్పుడు ఉచిత యాప్‌గా జేబులోకొచ్చింది. 60 అని పెడితే సెకనుకో టిక్, 120 అంటే అరసెకనుకో టిక్. దీనికి మొహమాటం లేదు, అదే దీని బలం. వారం రోజుల్లో నా రోగం ఎక్కడుందో చూపించింది. పంక్తి చివర సాగదీయాల్సిన స్వరాన్ని ముందే కోసేస్తున్నాను. గాలి పీల్చుకోవడానికి సగం దెబ్బ దొంగిలిస్తున్నాను. వేళ్లకు తేలిగ్గా వచ్చే చోట ఉరుకుతున్నాను, కష్టమైన చోట నత్తనడక. ఇవన్నీ అప్పటిదాకా నాకు వినపడనే లేదు.

కానీ దీంతో చిక్కులూ ఉన్నాయి. చాలా యాప్‌లు మొదట తెరవగానే నాలుగు లెక్కలకు ఒకసారి గట్టిగా మోగుతాయి. మన పాటల్లో తకిట తకిట అని మూడేసి లెక్కల నడకలో పోయేవి బోలెడు. నాలుగు మీద మోగే గంట పెట్టుకుని మూడు నడక పాట వాయిస్తే ఆ గంట ప్రతిసారీ కొత్త చోట పడుతుంది, మళ్లీ పాట మొదటి దెబ్బతో కలవాలంటే 12 లెక్కలు ఆగాలి. ఈ సంగతి తెలియక నేను నాలుగు రోజులు నన్నే తిట్టుకున్నాను. మూడుకు మార్చుకోవాలి, లేదంటే ఆ గట్టి మోతను తీసేయాలి. ఇంకో భ్రమ ఏమిటంటే నెమ్మదిగా వాయించడం తేలిక అనుకోవడం. 50 మీద పెట్టి చూడండి, టిక్‌కూ టిక్‌కూ మధ్య ఉన్న ఖాళీలో మనిషి తప్పిపోతాడు. ఆ ఖాళీని మనసులో చిన్న ముక్కలు చేసుకుంటేనే నిలబడతాం.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఊతకర్ర అలవాటు. టిక్ ఉన్నంతసేపు బాగానే ఉంటాను, ఆపగానే పాత ఉరుకే. దీనికి నేను కనుక్కున్న మందు, టిక్‌ను క్రమంగా పలచన చేయడం. మొదట ప్రతి దెబ్బకూ, తర్వాత ఆవృత్తానికి (తాళం లెక్కలన్నీ ఒక చుట్టు తిరిగేదానికి) ఒకసారి, ఆ తర్వాత ఒక ఆవృత్తం మోగి ఒక ఆవృత్తం మూగగా ఉండేట్టు. మూగ ఆవృత్తం దాటి మళ్లీ టిక్ మీద పడ్డామంటే ఆ లయ మనదే. ఈ చివరి మెట్టు దాకా రానివాళ్లు మెట్రోనోమ్ వాడినా ఒకటే, వాడకపోయినా ఒకటే.

ఇక చప్పట్లు. ఇది మా అమ్మ చూపించిన దారి. నేను గదిలో టిక్ టిక్‌తో కుస్తీ పడుతుంటే వంటింట్లోంచి వచ్చి, "పాట ఏడికి పోతది బిడ్డా, గంత ఉరుకుడెందుకు?" అంది. ఫ్లూట్ పక్కన పెట్టించి వాకిట్లో నడిపించింది. అడుగు వెయ్యి, వంగు, చప్పట్లు కొట్టు, లెయ్యి. మొదట నవ్వొచ్చింది. పది నిమిషాలకు ఒక సంగతి అర్థమైంది. చేయి ఒక్కటే అయితే ఉరుకుతుంది. నడుము వంగి లేవాలంటే దానికి కావలసిన సమయం అది తీసుకుంటుంది, చప్పట్లు దానికంటే ముందు పడలేవు.

సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర చూడండి. ఆరేళ్ల పిల్ల నుంచి డెబ్బై ఏళ్ల అవ్వ దాకా ఒకే వలయంలో తిరుగుతుంటారు. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు అందులో? అయినా చప్పట్లు ఒక్కటిగా పడతాయి. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. మిగతావాళ్లు పాడే ఆ కాస్త సమయంలో ఎత్తుకున్నామె ఊపిరి తీసుకుంటుంది. నా ఫ్లూట్ జబ్బుకు మందు ఇక్కడే దొరికింది. ఈ పాటలు ఒక్కరు పాడటానికి పుట్టినవి కావు. ఊపిరికి చోటు పాటలోనే ఉంది, అది అవతలివాళ్ల వంతు. నేను ఒక్కణ్నే రెండు వంతులూ వాయిస్తూ మధ్యలో గాలి కోసం దొంగతనం చేస్తున్నాను. ఇప్పుడు రెండో వంతును కొన్నిసార్లు వాయించను, మనసులో పాడుకుంటాను. అంతే, పంక్తి చివరి ఉరుకు సగానికి సగం పోయింది.

బతుకమ్మ వలయం ఆడవాళ్లది, నాలాంటివాడు ఒడ్డున నిలబడి చూడాల్సిందే. మగవాళ్లకు కోలాటం ఉంది, చిరుతల భజన ఉంది. కోలాటంలో తప్పు దాచుకోలేం. ఆలస్యమైతే మన కోల గాలిని కొడుతుంది, తొందరపడితే ఎదుటివాడి వేళ్లను కొడుతుంది. యాప్ చెప్పలేని పాఠం ఇంకొకటి కూడా కోలాటమే చెబుతుంది. ఆట ముదిరేకొద్దీ వేగం కావాలనే పెరుగుతుంది. అందరూ కలిసి పెంచితే అది ఊపు, ఒక్కడే పెంచితే ఉరుకు. 90 అని పెడితే 90 మీదే ఉండే యంత్రానికి ఈ తేడా తెలియదు.

దీనిలో లోపం లేదా అంటే ఉంది. ఒంట్లోకి వచ్చిన లయ వేళ్లలోకి దానంతట అది దిగదు. నాకు రెండు నెలలు పట్టింది. మొదట నడుస్తూ నోటితో పాడాను. తర్వాత నడుస్తూ ఊదకుండా వేళ్లు మాత్రం కదిపాను. చివరికి నిలబడి, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ వాయించాను. హార్మోనియం వాళ్లకు ఈ సుఖం లేదు, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలు ఆడదు. వాళ్లు తల ఊపాలో, మోకాలు కదపాలో చూసుకోవాలి.

మూడోది డప్పు. మా ఊళ్లో డప్పు కొట్టే కాక ఒకాయన ఉన్నాడు. దసరా సెలవుల్లో వెళ్లి అడిగితే ఒప్పుకున్నాడు. గడ్డి మంట వేసి డప్పు కాగబెట్టి, వేలితో తట్టి చూసి, మళ్లీ కాగబెట్టాడు. మొదలుపెట్టే ముందు ఒక్క మాటే చెప్పాడు. "నువ్వాగినా నేనాగ సారూ." ఆగలేదు. మొదటి రోజు నేను పాటలో నాలుగు చోట్ల పడిపోయాను, దరువు పోతూనే ఉంది, దొరికిన చోట ఎక్కాల్సి వచ్చింది. నడిచే బస్సు ఎక్కడం లాంటిదే. పడిపోయాక ఆగిపోకుండా మళ్లీ ఎక్కడం అనేది ఇక్కడ తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేకపోయాను.

కాక చెప్పిన కిటుకు ఒకటి. డప్పు మీద రెండు పుల్లలు ఆడతాయి. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండేది సిర్ర, ఎడమచేతిలో సన్నది సిటికెన పుల్ల. "సిర్రను ఇను, సిటికెన పుల్లను ఇనకు" అన్నాడు. సన్న పుల్ల చప్పుడు మధ్య ఖాళీలను నింపుతుంది, దాని వెంట పడితే మనమూ దానితో ఉరుకుతాం. ఐనవోలు జాతరలో ఒగ్గు డోళ్ల మధ్య నిలబడ్డప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొచ్చింది. బరువైన దెబ్బను పట్టుకుంటే మిగతా సందడి దానంతటదే సర్దుకుంటుంది.

అయితే కొత్తవాళ్లను నేరుగా డప్పు దగ్గరికి పొమ్మని నేను చెప్పను. ఆ మోతలో మన ఫ్లూట్ మనకే వినపడదు. తప్పు వాయించినా ఒప్పే అనిపిస్తుంది, లేదా మొదటి రోజే సిగ్గుపడి మానేస్తాం. ఇంకో మాట, ఆ విద్య వాళ్ల బతుకుదెరువు. రోజుకు రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టుకోవడం న్యాయం కాదు, పెళ్లికి పిలిస్తే ఇచ్చినట్టే ఇవ్వాలి.

రికార్డు పాటలు పెట్టుకుని దాంతోపాటు వాయించడం కూడా చేసి చూశాను. సరదాగా ఉంటుంది. పాట మనల్ని లాక్కుపోతుంది కాబట్టి తప్పు తెలియదు. వరుస గుర్తుపెట్టుకోవడానికి సరే, లయకు మాత్రం దండగ.

ఒక్కటే ఎంచుకోమంటే నేను చప్పట్లూ అడుగులే ఎంచుకుంటాను. యాప్ వద్దనేవాళ్ల పక్షం నేను కాదు, రోగం చూపించింది అదే. కానీ థర్మామీటర్‌ను రోజంతా నోట్లో పెట్టుకోం కదా. నేను వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున, పావుగంట పెడతాను. మిగతా రోజులు వాకిట్లో నడకే. పాట నిద్రలో కూడా వచ్చేంత నోటికి వచ్చాకే కాక దగ్గరికి పోతాను. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండేవాళ్లకు ఈ లెక్క మారుతుంది. కింది ఇంటివాళ్లు అడుగులు ఒప్పుకోరు కాబట్టి వాళ్లకు ఫోనే గతి, కాకపోతే ఆ మూగ ఆవృత్తం పద్ధతిలోనే.

మొన్న ఆదివారం టిక్ లేకుండా అదే పాటను మూడుసార్లు వాయించి ఫోన్‌లో రికార్డు చేశాను. మొదటిసారి 52 సెకన్లు, రెండోసారి 51, మూడోసారి 47. అమ్మకు వినిపిస్తే మూడోది సగం కూడా వినకుండానే, "అప్పుడు అన్నం టైమైందా ఏంది?" అంది. అయింది.